కబురు – కబుర్లు: ఒక అన్యదేశ్య పదం అర్థవిపరిణామం

ఉపోద్ఘాతం

ప్రయోజనం ఆశించకుండా సాగే సంభాషణకు తెలుగులో పేర్లు అనేకం. పిచ్చాపాటీ, బాతాఖానీ, లోకాభిరామాయణం, సోది, సొల్లు, వాగుడు, ముచ్చట్లు, ఊసులు, కబుర్లు అనేవి వాటిలో కొన్ని. ఇవన్నీ ఒకే అర్థం గల పర్యాయపదాలు కావు. 'వాగుడు', 'సొల్లు' అనే మాటల్లో నింద స్పష్టంగా ఉంది. 'సోది' ఎరుకలసాని చెప్పే జోస్యానికి పేరు. నేటి వాడుకలో అది వినేవారికి విసుగు పుట్టించే ప్రసంగం. 'లోకాభిరామాయణం' హాస్యధోరణిలో ఏర్పడిన మాట. రామునికి విశేషణమైన 'లోకాభిరామ' శబ్దం అందులో వినిపిస్తుంది. దానితోపాటు లోకం గొడవ, రామాయణమంత పొడవు అనే రెండు స్ఫురణలూ కలుగుతాయి. ఈ పదాల నడుమ 'కబుర్లు' అనే మాట ఎక్కువ తటస్థమైనది. దానిని సందర్భాన్ని బట్టి ఆప్యాయంగానూ, ఎత్తిపొడుపుగానూ వాడవచ్చు.

'కబురు' అరబ్బీ మూలం గల అన్యదేశ్యం అన్న విషయంలో వివాదం లేదు. అయితే అరబ్బీలో గాని, దానిని తెలుగుకు చేరవేసిన పారశీక, ఉర్దూ భాషల్లో గాని ఆ మాటకు 'సమాచారం' అన్నదే ప్రధానార్థం. తెలుగులోనూ ఏకవచనంలో దానికి అదే అర్థం. బహువచనంలో మాత్రమే అది ఊసుపోక మాటలకు పేరయింది. కాబట్టి పదం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వేరు, అర్థం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వేరు. మొదటి ప్రశ్నకు సమాధానం దొరికితే రెండవదానికి కూడా దొరికినట్టే అనుకోవడం సరికాదు. 'కబుర్లు' అనే మాటలోని కాలక్షేపార్థం పరభాషల నుంచి వచ్చినది కాదనీ, తెలుగు బహువచనం కొన్ని నామవాచకాలకు కలిగించే అర్థాపకర్ష వల్ల ఇక్కడే ఏర్పడినదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలధాతువు – ప్రయాణం

అరబ్బీలో ఖ–బ–ర అనే త్రివర్ణ ధాతువుకు 'అనుభవం ద్వారా తెలుసుకొను' అనే అర్థం ఉంది. అనుభవజ్ఞుడు, నిపుణుడు అనే అర్థాల్లో 'ఖబీర్', వర్తమానం తెలిపేవాడు అనే అర్థంలో 'ముఖ్బిర్', తెలియజేసిన విషయం అనే అర్థంలో 'ఖబర్' దీని నుంచే ఏర్పడ్డాయి. అరబ్బీ వ్యాకరణంలో వాక్యంలోని విధేయాంశానికి పారిభాషిక నామం కూడా 'ఖబర్'. కర్తను గురించి కొత్తగా తెలిపే అంశం కనుక ఆ పేరు వచ్చింది. అంటే ఈ ధాతువు పరిధి అంతా జ్ఞానానికి, సాక్ష్యానికి, నివేదనకు సంబంధించినదే. వృథా ప్రసంగమనే ఛాయ అందులో కనిపించదు.

పారశీకం ద్వారా ఈ మాట భారతదేశ పాలనావ్యవస్థలో ప్రవేశించింది. మొగలు పాలనలో ప్రాంతాల సమాచారాన్ని సేకరించి దర్బారుకు నివేదించే వాకియానవీసులు, హర్కారాలు ఉండేవారు. దర్బారు వార్తాపత్రాలకు 'అఖ్బారాత్' అని పేరు. 'అఖ్బార్' అన్నది 'ఖబర్' శబ్దానికి అరబ్బీ బహువచనం. నేటికీ హిందీ, ఉర్దూ భాషల్లో వార్తాపత్రికను 'అఖ్బార్' అంటారు. ఒకే ఏకవచనం నుంచి పుట్టిన రెండు బహువచనాల్లో ఒకటి రాజ్యం నమ్మి భద్రపరచిన లిఖిత సమాచారానికి పేరయింది. రెండవది, అంటే తెలుగు ప్రత్యయం చేరిన 'కబుర్లు', ఎవరూ భద్రపరచనవసరం లేని మాటలకు పేరయింది. ఈ వైరుధ్యం ఈ పరిశీలనకు కీలకం.

తెలుగు నేలపై పారశీక పదాల వ్యాప్తికి తగిన పరిస్థితి కుతుబ్‌షాహీల కాలంలోనే (1518–1687) ఏర్పడింది. గోలకొండ ఫర్మానాలు కొన్ని పారశీక, తెలుగు భాషలు రెండింటిలోనూ వెలువడ్డాయి. పాలనలో తెలుగు ఎరిగిన ఉద్యోగులు ఉన్నత స్థానాలకు చేరారు. గోలకొండ పతనం తరువాత మొగలు పాలన, 1724 నుంచి ఆసఫ్‌జాహీల పాలన ఈ సంపర్కాన్ని కొనసాగించాయి. ఉత్తర సర్కార్లలో అధిక భాగం 1766లో ఈస్టిండియా కంపెనీకి, గుంటూరు సర్కారు 1788లో కంపెనీకి దక్కినా కచేరీల పదజాలం ఒక్కసారిగా మారలేదు. జిల్లా, తాలూకా, హుకుం, రసీదు, జవాబు, ఫిర్యాదు, వకీలు వంటి మాటలు ఈ వ్యవహారంలోనే స్థిరపడ్డాయి. ఇటువంటి పదాల సంఖ్య ఎంతటిదంటే సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో (1852) తృప్తిపడక మిశ్రభాషా పదాలకు వేరుగా ఒక నిఘంటువునే (1854) కూర్చవలసి వచ్చింది.

ధ్వనిమార్పు

ఒక అన్యదేశ్యం ఎంతగా దేశీయమైనదో దాని ధ్వనిరూపం సూచిస్తుంది. 'ఖబర్' మొదటి వర్ణంలోని ఒత్తు తెలుగులో లోపించింది. హలంతమైన మాటకు చివర ఉకారం చేరింది. ఈ రెండు మార్పులూ అన్యదేశ్యాలకు సామాన్యమే. మూడవ మార్పు విశేషమైనది. నౌకరు, బజారు, అత్తరు వంటి మాటల్లో రేఫకు ముందున్న అచ్చు మూలంలో ఉన్నట్టే నిలిచింది. 'కబురు'లో మాత్రం పదమధ్యంలోని అకారం తరువాతి ఉకారానికి అనుగుణంగా ఉకారమయింది. 'తిరుగు–తిరిగి', 'కలుగు–కలిగి' వంటి రూపాల్లో కనిపించే అచ్చుల సామ్యానికి ఇది దగ్గరి ధోరణి. బహువచనంలో ఆ ఉకారం పోయి, పేరు–పేర్లు వలె కబురు–కబుర్లు అయింది. మాట నోటిలో బాగా నలిగితే తప్ప ఇంతటి మార్పు రాదు.

అదే మూలం నుంచి వచ్చిన 'ఖబడ్దార్' దీనికి భిన్నంగా నిలిచింది. సమాచారం గలవాడు, అప్రమత్తుడు అనే అర్థం గల పారశీక సమాసం 'ఖబర్దార్' తెలుగులో హెచ్చరికగా మిగిలింది. దానిలో రేఫ డకారమైనా, ఒత్తు రాతలో నిలిచింది. అధికారస్వరంలో వినిపించే మాట తన పరాయితనాన్ని నిలుపుకోగా ఇంటింటా తిరిగిన మాట దానిని పోగొట్టుకుంది.

ఏకవచన బహువచనాల వ్యాకరణం

'కబురు', 'కబుర్లు' అనేవి కేవలం సంఖ్యాభేదం గల రూపాలు కావని వాటి వాక్యనిర్మాణమే చెబుతుంది. ఏకవచనరూపం పంపు, పెట్టు, అందు, తెచ్చు, వచ్చు వంటి క్రియలతో కలుస్తుంది. ఇవన్నీ ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేయడాన్ని తెలిపే క్రియలు. కబురు అందుకునే వ్యక్తి 'కు/కి' విభక్తిలో ఉంటాడు. కబురులోని విషయం 'అని' అనే అనుకారంతో వస్తుంది: 'రేపు వస్తున్నానని అన్నకు కబురు పంపాడు.' చావు కబురు, పెళ్ళి కబురు, తీపి కబురు వంటి సమాసాలన్నీ నిర్దిష్ట విషయం గలవే. నేటి దినపత్రికలు ఉద్యోగుల జీతాల పెంపును 'తీపి కబురు' అనీ, వానల రాకను 'చల్లని కబురు' అనీ శీర్షికల్లో రాసేది కూడా ఏకవచనంలోనే.

బహువచనరూపం చెప్పు, చెప్పుకొను, ఆడు అనే క్రియలతో కలుస్తుంది. ఎదుటి వ్యక్తి 'తో' విభక్తిలో ఉంటాడు: 'పక్కింటావిడతో కబుర్లు చెబుతోంది.' ఇక్కడ పంపేవారు, అందుకునేవారు అనే విభజన లేదు, ఇద్దరూ భాగస్వాములే. విషయమేమిటో చెప్పవలసిన పనీ లేదు. 'కబుర్లలో పడ్డారు' అన్న వాక్యంలో కబుర్లు ఒక విషయం కాదు, ఒక స్థితి.

బహువచనరూపానికి 'అని' చేరితే మూడవ అర్థం పుడుతుంది. 'డబ్బు తిరిగి ఇస్తానని కబురు పంపాడు' అంటే అది నమ్మదగిన వర్తమానం. 'డబ్బు తిరిగి ఇస్తానని కబుర్లు చెప్పాడు' అంటే ఇవ్వడని వినేవారికి తెలిసిపోతుంది. రెండు వాక్యాల్లోనూ విషయం ఒకటే. మారినవి నామవాచకం వచనం, దానితోపాటు వచ్చే క్రియ మాత్రమే. ఆ మార్పుతో వక్త పూచీ మాయమయింది.

మరొక సాక్ష్యం లెక్కింపులో ఉంది. ఒక వ్యక్తి మూడు వర్తమానాలు పంపితే 'మూడు కబుర్లు పంపాడు' అనడం అసహజం. 'మూడుసార్లు కబురు పంపాడు' అన్నదే వాడుక. బహువచనరూపాన్ని కాలక్షేపార్థం ఆక్రమించినందువల్ల వర్తమానార్థంలో బహుత్వం చెప్పడానికి భాష 'సార్లు' అనే మరో మార్గాన్ని వెతుక్కుంది.

ఈ రెండర్థాల మధ్య వంతెన వంటి ప్రయోగం కూడా వాడుకలో ఉంది. చాలా రోజులకు కలిసినవారు 'ఇంకేమిటి కబుర్లు?' అని అడుగుతారు. మాట వరసకు ఇది వార్తలు అడగడమే. కాని అడిగినవారు ఒక నిర్దిష్ట సమాచారం కోసం అడగరు. సంభాషణ మొదలు కావాలని అడుగుతారు. ఇండోనేషియా భాషలో ఇదే అరబ్బీ మూలం గల 'కబర్' శబ్దంతో 'అపా కబర్' అని కుశలం అడుగుతారు. స్వాహిలీలో 'హబారి' అనే పలకరింపుకూ ఇదే మూలం. వార్త అడగడం పలకరింపుగా మారడం ఈ పదం వెళ్ళిన వేరువేరు చోట్ల కనిపిస్తుంది. అక్కడి నుంచి ఊసుపోక మాటగా మారడానికి మాత్రం తెలుగు వ్యాకరణం తోడ్పడింది.

బహువచనం – అర్థాపకర్ష

తెలుగులో కొన్ని నామవాచకాలు బహువచనంలో విలువ కోల్పోతాయి. 'మాట ఇచ్చాడు', 'మాట తప్పడు' అనే చోట్ల మాట అంటే ప్రతిజ్ఞ. 'అన్నీ మాటలే', 'మాటలు చెప్పి గడిపేస్తాడు' అనే చోట్ల మాటలు చేతలు లేని శబ్దాలు. 'కథ చెప్పు' అనేది కోరిక, 'కథలు చెప్పకు' అనేది మందలింపు. 'నీతి' గౌరవనీయమైనది, 'నీతులు చెప్పడం' ఆచరించనివాడి పని. వేషం కట్టినవాడు నటుడు, 'వేషాలు' వేసేవాడు మోసగాడు. నాటకం – నాటకాలు, రాగం – రాగాలు అనే జంటల్లోనూ ఇదే ధోరణి. పారశీకంలో సంభాషణ అనే అర్థం గల 'గప్' తెలుగులో 'గప్పాలు' అనే బహువచనరూపంతో బడాయి మాటలకు పేరు కావడం కూడా గమనించదగినది.

ఈ జంటల్లో ఏకవచనం ఒక నిర్దిష్టమైన, జవాబుదారీ గల ఉక్తినో కృత్యాన్నో తెలుపుతుంది. బహువచనం దానిని మళ్ళీమళ్ళీ జరిగే అలవాటుగా మార్చుతుంది. మాట ఒక్కటైతే దానికి కట్టుబడవచ్చు. లెక్కలేనన్ని అయితే దేనికీ కట్టుబడనవసరం లేదు. 'కబుర్లు' ఈ వరుసలో చేరిన మాటే.

బహువచనం మాత్రమే ఇందుకు చాలదని తురుష్క భాష చూపుతుంది. అక్కడ 'హబెర్' అంటే వార్త. దానికి బహువచన ప్రత్యయం చేరిన 'హబెర్లెర్' వార్తాప్రసారాలకు పేరు. తెలుగులా ప్రత్యయాలు చేర్చి బహువచనం చేసుకునే ఆ భాషలో అదే పదం బహువచనంలోనూ విలువ కోల్పోలేదు. కనుక అర్థాపకర్షకు మూలం పదంలోనూ లేదు, బహుత్వమనే భావనలోనూ లేదు. తెలుగు వ్యవహర్తలు కొన్ని బహువచనాలను వాడే తీరులో ఉంది.

వార్త, సమాచారం, కబురు

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. 'వార్తలు', 'సమాచారాలు', 'సంగతులు' అనే బహువచనాలు కాలక్షేపార్థం పొందలేదు కదా? ఈ ఆక్షేపానికి సమాధానం ఆ పదాల వ్యవహారరంగంలో ఉంది. తెలుగులో పత్రికలు మొదలైన కాలంలో వాటి పేర్లకు సంస్కృత పదాలే ఎంపికయ్యాయి. వృత్తాంతిని (1838), వర్తమాన తరంగిణి (1842) అనే పేర్లు అందుకు నిదర్శనం. బహిరంగమైన, ముద్రితమైన సమాచారం వృత్తాంతం, వర్తమానం, వార్త, సమాచారం అనే మాటల వశమయింది. 'సంగతి'కి విషయం అన్న అర్థం ప్రధానం. అది చెప్పడం మీద ఆధారపడిన మాట కాదు.

'కబురు' ఇందుకు భిన్నంగా మనిషి మోసుకొచ్చేది. ఉత్తరం రాయడం, కబురు పంపడం వేరువేరు పనులు. కబురు నిజమా కాదా అన్నది తెచ్చినవారి నోటిని బట్టి తేలుతుంది. అందుకే అది 'మాట', 'కథ' అనే మౌఖిక పదాల వరుసలో నిలిచి, వాటి వలెనే బహువచనంలో పూచీ కోల్పోయింది.

దేశ్యపదాల సాక్ష్యం కూడా దీనిని బలపరుస్తుంది. 'ఊసు' ఏకవచనంలో ప్రస్తావన: 'ఆ ఊసే ఎత్తలేదు.' బహువచనంలో 'ఊసులు' అంటే చనువుగా చెప్పుకునే మాటలు. 'సుద్ది' శబ్దం కన్నడంలో నేటికీ వార్త అనే అర్థంలోనే ఉంది. తెలుగులో బహువచనరూపమైన 'సుద్దులు' బుద్ధులు చెప్పే మాటలకూ, గొల్లసుద్దులు అనే జానపద ప్రదర్శనకూ పేరయింది. ఇక్కడ అపకర్ష లేదు కాని, వార్త నుంచి మాటల ప్రవాహానికి సాగిన మార్గం అదే. పరభాషా స్పర్శ వల్ల 'కబుర్లు' అర్థం మారిందనుకుంటే 'ఊసులు' మార్పును వివరించడం సాధ్యం కాదు.

ప్రాంతీయ వ్యవహారం

ఉర్దూ ప్రభావం వల్లనే కాలక్షేపార్థం వచ్చి ఉంటే ఆ అర్థం ఉర్దూతో సంపర్కం అధికంగా ఉన్న తెలంగాణలో ప్రబలంగా ఉండాలి. హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ పాలనాభాషగా ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. అయినా తెలంగాణ వ్యవహారంలో తీరికమాటలకు ప్రధానంగా వినిపించే పేరు 'ముచ్చట్లు'. ఉర్దూ సంపర్కం తక్కువగా ఉన్న కోస్తా జిల్లాల్లో 'కబుర్లు' ఆ స్థానాన్ని ఆక్రమించింది. 'ఖబర్' అంటే వార్త అని నిత్యం వినే చోట దాని అర్థం జారడం కష్టం. మూలభాషతో సంబంధం పలచబడిన చోట పదం స్వేచ్ఛగా తెలుగు ధోరణిలో మారగలిగింది.

'ముచ్చట' కూడా పై సూత్రానికి లోబడినదే. తెలంగాణలో 'ఒక ముచ్చట చెప్పాలె' అంటే చెప్పవలసిన విషయం ఉందని అర్థం. 'ముచ్చట్లు పెట్టిండ్రు' అంటే తీరికగా మాట్లాడుకుంటున్నారని అర్థం. కోస్తాలో ముచ్చట పడడం, ముచ్చటగా ఉండడం అనే చోట్ల అది కోరికకు, అందానికి సంబంధించిన మాట. పదాలు వేరైనా ఏకవచనంలో విషయం, బహువచనంలో కాలక్షేపం అనే ఏర్పాటు 'ముచ్చట – ముచ్చట్లు', 'కబురు – కబుర్లు' రెండింటికీ సమానం.

ఎవరి మాటలు కబుర్లు?

అర్థవిపరిణామ చరిత్రలో సామాజిక కోణాన్ని విడిచిపెట్టడం సాధ్యం కాదు. 'అమ్మలక్కల కబుర్లు', 'ఆడవాళ్ళ కబుర్లు' అనేవి స్థిరపడిన పదబంధాలు. పురుషుల సమావేశానికి గోష్ఠి, చర్చ, రచ్చబండ, సభ అనే పేర్లు ఉన్నాయి. బావి దగ్గర, వాకిట్లో, పేరంటంలో స్త్రీలు మాట్లాడుకునే విషయాలు పరిశీలిస్తే ఎవరికి జబ్బు చేసింది, ఏ మందు పనిచేసింది, ఏ ఇంట్లో పెళ్ళి కుదిరింది, ఏ సరుకు ధర పెరిగింది అన్నవి ఎక్కువగా ఉంటాయి. విషయదృష్టితో చూస్తే ఇవి వార్తలే. పొలిమేర దాటి పోవడానికి, పత్రిక చదవడానికి వీలు లేని కాలంలో స్త్రీలకు సమాచారం అందిన ప్రధాన మార్గం ఇదే. బహువచనంలో పేరు పెట్టడంతో ఆ సమాచారం సాక్ష్యపు విలువ కోల్పోయింది. 'ఇస్తానని కబుర్లు చెప్పాడు' అనే వాక్యంలో వక్త తన పూచీని తానే వదులుకుంటాడు. 'ఆడవాళ్ళ కబుర్లు' అనే పదబంధంలో వక్తల పూచీని ఇతరులు తొలగిస్తారు. రెండింటిలోనూ పనిచేసేది ఒకే వ్యాకరణ సాధనం.

తీరికమాటకు సాహిత్య గౌరవం కలిగిన సందర్భాలూ ఉన్నాయి. 20వ శతాబ్ది రెండో దశకంలో అనంతపురం నుంచి వెలువడిన వ్యాసాలకు 'వదరుబోతు' అని పేరు పెట్టారు. నిందావాచకాన్ని రచయిత ముసుగుగా ధరించి సంఘాన్ని విమర్శించడం ఆ పేరులోని చమత్కారం. ముద్రణకు ఎక్కిన పురుషుల వదరు వ్యాసప్రక్రియగా గుర్తింపు పొందింది. ముద్రణకు ఎక్కని స్త్రీల కబుర్లు కబుర్లుగానే మిగిలిపోయాయి.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది: 'కబురు' శబ్దం అరబ్బీ మూలం గలది, 'కబుర్లు' అర్థం తెలుగు మూలం గలది. అన్యదేశ్యమనే ఒక్క ముద్రతో రెండింటినీ ముగించడం వల్ల తెలుగువారి భాషాసృష్టి మరుగున పడుతుంది. రెండవది: నిఘంటువుల్లో 'కబుర్లు' రూపాన్ని 'కబురు' ఆరోపం కింద బహువచనంగా చూపడం చాలదు. వేరు క్రియలు, వేరు విభక్తులు, వేరు అర్థం గల ఆ రూపానికి నిత్యబహువచనంగా ప్రత్యేక ఆరోపం అవసరం. మాటలు, కథలు, వేషాలు, ఊసులు, ముచ్చట్లు అనే రూపాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. మూడవది: ఇటువంటి బహువచనాలను ఒక వర్గంగా చేర్చి, అవి ఎవరి మాటలకు, ఎవరి చేతలకు వర్తిస్తున్నాయో వాడుక ఆధారంగా పరిశీలించాలి. ఒక సమాజం ఎవరి మాటను సాక్ష్యంగా తీసుకుంది, ఎవరి మాటను కాలక్షేపంగా తోసిపుచ్చింది అన్న చరిత్రకు ఆ పరిశీలన ఆధారం కాగలదు.